నిలువుగా అరగంట

హఫీజ్‌పేటలోని ఆ రెండో అంతస్తు ఫ్లాట్లో భార్గవి తలుపేసుకుని ఆరు వారాలైంది. మరీ బొత్తిగా అని కాదు, పాలవాడికీ చెత్త తీసుకెళ్ళే మల్లమ్మకూ తీసేది. పాపకు పాలిచ్చే వేళ మాత్రం తలుపుకు గడియ, కిటికీ రెక్కలు బిగింపు, పైన పరదా. మూడు నెలల పిల్ల రెండు గంటలకోసారి తాగుతుంది కాబట్టి, ఇక ఆ తలుపు తెరిచి ఉండే వేళంటూ పెద్దగా మిగల్లేదు.

దీనికంతటికీ మూలం ఎదురింటి కనకలక్ష్మి. కాకినాడ మనిషి, ఏదో ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. ఒక సాయంత్రం కరివేపాకు ఇవ్వడానికి వచ్చి, పాలు తాగుతున్న పాపను చూసి, "ఎంత ఆబగా తాగుతోందండీ, బంగారు తల్లి" అంది. గంట తిరక్కుండానే పిల్ల తాగిన పాలన్నీ భళ్ళున కక్కింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కడపకు ఎస్‌టీడీ చేస్తే అత్త సుబ్బమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

"దిష్టి తగిలినాది. బిడ్డ పాలు తాగేటప్పుడు ఎవురి కంటా పడగూడదని చెప్పలేదా నీకు? తలుపేసుకో. ఆయమ్మను గడప తొక్కనీయొద్దు."

భార్గవి డిగ్రీ చదివింది. ఇలాంటివి నమ్మనని స్నేహితురాళ్ళతో వాదించింది కూడా. కానీ కన్నబిడ్డ ముక్కులోంచి పాలు కారుతుంటే చదివిన చదువు ఎవరికి గుర్తొస్తుంది? నమ్మింది. మర్నాడు కనకలక్ష్మి తలుపు తడితే లోపల ఊపిరి బిగపట్టి కూర్చుంది. ఆవిడ నాలుగుసార్లు తట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ తట్టలేదు.

భర్త మధుసూదన్ హైటెక్ సిటీలో, రెండువేల సంవత్సరం వచ్చినప్పుడు కంప్యూటర్లు తేదీలు తప్పకుండా చూసే పనిలో ఉన్నాడు. ఎక్కడెక్కడి తేదీలో సరిచేస్తున్నాడు గాని, ఇవాళ ఏ వారమని ఇంట్లో అడిగితే చెప్పలేడు. పొద్దున వెళ్తే పిల్ల నిద్రపోయాకే రావడం.

వాంతయితే కడుపు ఖాళీ అయిందనుకుని భార్గవి వెంటనే మళ్ళీ పట్టేది. పిల్ల మళ్ళీ కక్కేది. చివరికి బరువు పెరగడం ఆగిపోయింది. డాక్టరమ్మ రాజరాజేశ్వరి పాపను తూచి, పొట్ట తడిమి చూసి, నింపాదిగా చెప్పింది.

"కడుపు పైన మూతలాంటిది ఉంటుందమ్మా, అది ఇంకా బిగుసుకోలేదు. చాలామంది పసివాళ్ళకు ఇంతే, ఏడాది నిండేసరికి సర్దుకుంటుంది. ఒకేసారి కడుపు నింపొద్దు, కొంచెం కొంచెం ఇవ్వు. తాగాక అరగంట భుజాన నిలువుగా ఎత్తుకో. పది రోజుల్లో బరువు పెరగకపోతే మాత్రం ఆసుపత్రిలో చేర్చుకోవాలి."

"ఎవరైనా చూస్తే..." అని అడగబోయి భార్గవి నోరు మూసుకుంది.

పది రోజులూ ఎత్తుకుంది. అరగంటంటే ఎంతో ఎత్తుకున్నవాళ్ళకే తెలుస్తుంది. కుక్కరు కూతలు పెడుతుంటే స్టవ్ కట్టేయడానికి మనిషి లేదు. చల్లారిన అన్నం ఒంటిచేత్తో తినేది. భుజం నొప్పికన్నా, "కాసేపు ఇటివ్వు" అనే మనిషి లేకపోవడమే ఎక్కువ బాధ. మూసిన గదిలో, ఉక్కలో, గోడగడియారం చూస్తూ నిలబడి ఒక్కోసారి ఊరికే ఏడ్చేది. ఎదురింట్లో తాళం తీసిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, రేడియో, అన్నీ వినబడేవి.

పదకొండో రోజు తూస్తే మూడు వందల గ్రాములు పెరిగింది. ఆ మాట ఎవరికైనా చెప్పాలని ఆటోలో వచ్చినంతసేపూ ఆమెకు మనసాగలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే మధుసూదన్ మీటింగులో ఉన్నాడన్నారు. కడపకు చేసింది.

"చూసినావా, తలుపేసుకోమన్నది ఎందుకనుకున్నావు?" అంది సుబ్బమ్మ తృప్తిగా. "ఇంగా నాలుగు నెల్లు ఎవురినీ రానీయొద్దు."

ఫోన్ పెట్టేశాక భార్గవికి ఒళ్ళు మండింది. అత్త మీద కాదు, తన మీద. ఎదురింటావిడ చూపులో ఏ పాపమూ లేదని, డాక్టరమ్మ ఆ మూత సంగతి చెప్పిన రోజే తనకు తెలిసిపోయింది. తెలిసి కూడా గడియ తీయలేదు, తీస్తే ఆవిడ ముఖం చూడాలి కనక.

ఆ సాయంత్రం పాపకు పాలిచ్చి, భుజాన వేసుకుని, తలుపు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడింది. ఐదున్నరకు కనకలక్ష్మి కూరల సంచితో మెట్లెక్కి వచ్చింది. తెరిచిన తలుపు చూసి ఆగిపోయింది. వెంటనే ముఖం గోడవైపు తిప్పుకుని, తాళంచెవి వెతుక్కుంటూ గబగబా తన గుమ్మం దగ్గరికి జరిగింది.

"పాపని లోపలికి తీసుకెళ్ళండి" అంది గోడతోనే. "పాలు పట్టి ఉంటారు. నేను చూళ్ళేదులెండి."

మల్లమ్మ చెప్పిందో, తనే గ్రహించిందో, ఆవిడకు అంతా తెలుసు. ఆరు వారాలుగా ఈ మనిషి సొంత ఇంటి మెట్లు దొంగలా ఎక్కుతోందని భార్గవికి అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. ఆవిడ కోసం మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"అక్కా, తాగినాక అరగంట నిలువుగా ఎత్తుకోవాలంట. ఇంగా పది నిమిషాలుంది" అంది. "నా చెయ్యి పడిపోతాంది. కాసేపు ఎత్తుకుంటారా?"

కనకలక్ష్మి సంచి కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని చాచింది. పాపను భుజాన వేసుకుని మెల్లగా వీపు నిమిరింది.

ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకునే నిమిరింది.