గింజ కంచంలో ఉప్పు

నూలు మిల్లు క్యాంటీన్లో పొద్దున్నే మొదటి పని పొయ్యి తుడవడం. నిన్నటి బూడిద ఎత్తి, రాళ్లు తడిగుడ్డతో తుడిచి, నిప్పు రాజేసి, అందులో రెండు ఉప్పు కళ్లు వెయ్యాలి. అవి చిటపటలాడితే ఆ రోజు వంటకి అడ్డు లేనట్టే. ఎండాకాలమైతే ఆ తర్వాత కూరగాయ ముక్కలు డాబా మీద ఆరబెట్టాలి. వానలు మొదలయ్యే ముందు వాటిని జాడీల్లోకి ఎత్తాలి. చలికాలం వచ్చిందంటే పెద్ద గుండిగలో జావ ఎక్కించాలి. కాలాన్ని బట్టి పని మారేది గానీ ఒక్కటి మాత్రం మారేది కాదు. నూట ఇరవై మందికి వండే ఆ గుండిగలో ఉప్పు వేసేది బువ్వమ్మ కాదు, చెంచా బాబాయి.

తరిగేదీ, వండేదీ, దించేదీ అంతా బువ్వమ్మే. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని పక్కకి జరిగేది. చెంచా బాబాయి లేచి వచ్చేవాడు. అరవై దాటిన బ్రహ్మచారి. ఏదైనా చెంచాతో కొలిచి గానీ వెయ్యడు కాబట్టి ఆ పేరు.

"నాకు బెంగా లేదు, బెల్లమూ లేదు. నా ఉప్పు గవర్నమెంటాఫీసు గుమస్తా లాంటిది. కూర్చున్న కుర్చీలోంచి లేవదు," అనేవాడు గర్వంగా.

ఉప్పు సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. ఎవరి మీదైనా బెంగ పెట్టుకున్న మనిషి తన చేత్తో ఉప్పు వేస్తే ఆ ఉప్పు వండినచోట నిలవదు. బెంగ ఎవరి మీదో వాళ్ల కంచంలోకి పోతుంది. ఇక్కడ కూర చప్పబడుతుంది, అక్కడ ఉప్పు కషాయమవుతుంది. అంతే. పాలు కాస్తే పొంగవూ, ఇదీ అంతే. కొత్తగా పెళ్లయిన కుర్రాడు మధ్యాహ్నం డబ్బా తెరిచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడంటే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారా? "ఇల్లు వదిలి నాలుగ్గంటలు కాలేదు కదరా, అప్పుడే ఉప్పు పంపించేసిందా!" అని ఏడిపించి చంపేవాళ్లు. పోయినవాళ్ల మీద బెంగైతే మాత్రం ఉప్పు కదలదు. వెళ్లడానికి అవతల కంచం ఉండాలి కదా. అందుకే మనిషి జాడ తెలియని ఇళ్లల్లో కూర చప్పగా ఉందంటే సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు.

ఇక బువ్వమ్మ సంగతి. ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది మిల్లు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఒంటి మనిషి. ఆమె గదికి ఆనుకుని ఉన్న గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఒక అమ్మాయి ఉండేది. భర్త లారీ మీద తిరిగే మనిషి, నెలకోసారి ఇల్లు చూస్తే గొప్ప. ఆ అమ్మాయికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. పసిబిడ్డని దగ్గర ఉంచుకోకూడదు, కొండ మీద ఆస్పత్రిలో ఆర్నెల్లు ఉండాలి అన్నారు డాక్టర్లు. ఎనిమిది నెలల పిల్లని గుడ్డలో చుట్టి బువ్వమ్మ చేతిలో పెట్టి వెళ్లింది. "అక్కా, ఆర్నెల్లు," అంది. ఆర్నెల్లు కాస్తా ఐదేళ్లు దాటింది.

ఆ పిల్లే గింజ. గుప్పెడంత ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టింది బువ్వమ్మే. ఆ పిల్లకి మొదట వచ్చిన మాట బువ్వ, రెండో మాట అమ్మ. రెండూ కలిపి పిలవడంతో ఈవిడ బువ్వమ్మ అయింది. వీధి వీధంతా అదే అందుకుంది.

కన్నతల్లికి నయమై వచ్చి పిల్లని తీసుకెళ్లింది. బస్సులో పూట ప్రయాణం దూరంలో కాపురం పెట్టారు. తప్పేముంది, ఆవిడ బిడ్డ ఆవిడ తీసుకెళ్లింది. బువ్వమ్మే గౌన్లన్నీ మడతపెట్టి సంచిలో సర్దింది. గింజ ఏడవలేదు. కిటికీ పక్క సీటు దొరికిందన్న సంబరంలో చెయ్యి ఊపుతూ వెళ్లిపోయింది. పిల్ల ఏడవకపోవడమే మంచిదని అందరూ అన్నారు. బువ్వమ్మా అవునంది. కానీ ఆ ఏడవకపోవడమే ముల్లులా దిగింది. 'నన్ను మర్చిపోతుంది, ఇంకో నెలకి నేనెవరో దానికి తెలీదు' అనుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు క్యాంటీన్లో అలవాటు ప్రకారం గుండిగలో రెండు దోసిళ్లు ఉప్పు వేసింది. కాసేపటికి హాలంతా గోల. "ఏంటమ్మా ఈ చప్పిడి తిండి? మాకేమన్నా జబ్బు చేసిందా?" అని ఒకటే కేకలు. బువ్వమ్మ గరిటె నాలికకి తాకించుకుంది.

"బాబాయ్!" అంది. "ఇది నూట ఇరవై మంది ఉప్పు. పసిదాని కంచంలోకి పోయింది!"

చెంచా బాబాయి చేతిలో ఉన్న చెంచాని తుడిచిందే తుడిచాడు.

ఆ రోజు నుంచి క్యాంటీన్లో ఉప్పు ఆయన పని. కానీ ఇంట్లో వండుకునేదానికి ఆమెకి వేరే చెయ్యి ఎక్కడిది? చిటికెడే కదా అని వేసేది. అదీ నిలిచేది కాదు.

పదో రోజున గింజ వాళ్లమ్మ వచ్చింది, ఒక్కతే. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రా అమ్మాయ్, కూర్చో. పిల్లేదీ?"

"ఇంట్లో ఉందక్కా, వాళ్ల నాన్న దగ్గర." కూర్చుంది. చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "అక్కా, మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. అది నాకు తెలుసు. కానీ పిల్ల తినట్లేదు. మొదటి రోజైతే ముద్ద నోట్లో పెట్టగానే వాంతి. ఇప్పుడూ అంతే. నేనేం వండినా దాని కంచంలోకి వచ్చేసరికి ఉప్పగా అయిపోతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మీ బెంగ నేను కాదనను. కానీ..." ఆగిపోయింది.

"మానెయ్యమంటావు," అంది బువ్వమ్మ.

ఆవిడ ఏడ్చింది. "ఐదేళ్లు మంచం మీద పడుకుని నేను పెట్టుకున్న బెంగకి వెళ్లడానికి ఉప్పు కూడా లేదక్కా. ఆస్పత్రిలో నాచేత ఎవరు వండించారు? ఇప్పుడు దొరికింది నా బిడ్డ. చూడ్డానికి కూడా రాకండి. మిమ్మల్ని చూస్తే అది నాకు అలవాటు పడదు."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తల్లి అడిగినదాంట్లో అన్యాయం లేదు. అందుకే బువ్వమ్మకి కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. "సరేనమ్మా," అంది.

సరే అనడం తేలిక. వీధిలో పెద్దావిడ చెప్పినవన్నీ చేసింది. పొయ్యి ఒక గోడ నుంచి ఇంకో గోడకి మార్చింది. గింజ తాగిన గ్లాసు బోర్లించి దాని మీద నిప్పుకణిక పెట్టింది. వండే ముందు చేతులకి బూడిద రాసుకుని మూడుసార్లు కడుక్కుంది. ఆఖరికి ఆ పిల్ల అల్లరిని ఒక్కొక్కటే గుర్తుచేసుకుని తిట్టుకోమన్నారు. పిండి డబ్బా ఒంపేసింది, కొత్త చీర మీద రంగు పోసింది అని తిట్టుకోవడం మొదలుపెట్టి, సగంలోనే నవ్వొచ్చి, నవ్వులోంచి ఏడుపొచ్చి, ఆ రోజు కూర మరీ చప్పగా తగలడింది.

అప్పుడు ఆమెకి తట్టింది. బెంగని ఆపడం తన వల్ల కాదు. ఉప్పుని ఆపొచ్చు. అసలు వెయ్యకపోతే పోయేదేముంది?

ఉప్పు జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టేసింది. ఆ పూట నుంచి ఇంట్లో ఉప్పు లేని జావ, ఉప్పు లేని కూర. క్యాంటీన్లో బాబాయి ఉప్పేసిన భోజనం ఉంటుంది కదా అంటే, అదీ ముట్టేది కాదు. తన కోసమని ముందే ఒక గిన్నెడు పక్కకి తీసి పెట్టుకునేది.

"అది నా చేతి ఉప్పేనమ్మా, ఎక్కడికీ పోదు. తిను," అని బతిమాలేవాడు బాబాయి.

"ఉప్పు రుచి తగిలితే చెయ్యి జాడీ దగ్గరికి పోతుంది బాబాయ్. నా సంగతి నాకు తెలీదా?"

"చప్పిడి తిని తిని నువ్వే చప్పబడిపోతావు చూడు," అని సణుక్కుంటూ పోయేవాడు.

అలా ఆరేళ్లు. ఆరు ఎండాకాలాలు కూరగాయలు ఆరబెట్టింది, ఆరు చలికాలాలు జావ కాచింది. ఉత్తరం ముక్క లేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంచి ఆమే వెళ్లలేదు. గింజ తింటోందో లేదో, బళ్లో ఎన్నో తరగతో, ముందుపళ్లు వచ్చాయో లేదో, ఏదీ తెలీదు. ఒక్కసారి మాత్రం తప్పు చేసింది. ఊళ్లన్నిటా విషజ్వరాలు తిరిగిన ఏడాది, పిల్లలు రాలిపోతున్నారని విని, మూడు రోజులు తట్టుకుని, నాలుగో రోజు బల్ల ఎక్కి జాడీ దించి ఒకే ఒక్క ఉప్పు కల్లు జావలో వేసింది. కలిపింది. రుచి చూసింది. చప్పగా ఉంది. అంటే అవతల కంచం ఉంది. కంచం ముందు గింజ ఉంది! గిన్నె పట్టుకుని అలాగే నేల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత, 'పిల్ల నోరు ఉప్పు కషాయమైందో ఏమో, దరిద్రపుదాన్ని' అని రోజంతా తనని తనే తిట్టుకుంది.

కానీ ఆమె అసలు బాధ అది కాదు. గింజ బతికే ఉందని తెలిసింది. మరి గింజకి తను గుర్తుందా? అది మాత్రం ఏ ఉప్పూ చెప్పదు. చిన్నపిల్ల, తన చేత్తో వండదు. వండని చెయ్యి పంపదు.

ఏడో చలికాలం మొదట్లో, మిల్లుకి సెలవైన ఒక పొద్దున, బువ్వమ్మ జావ గిన్నెలో పోసుకుని గడప మీద కూర్చుంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. ఉమ్మేయబోయింది.

ఉప్పు! మామూలు ఉప్పు కాదు, నాలిక మండిపోయేంత.

లేచి పొయ్యి మీది గిన్నెలో చూసింది. అందులో చప్పిడి జావే. తన గిన్నెలో మాత్రం ఉప్పు. అటక వైపు చూసింది. జాడీ కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. జావ గిన్నె చేత్తో పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా, వీధి చివర ఉన్న చెంచా బాబాయి ఇంటికి పరిగెత్తింది.

"బాబాయ్, మీరేమన్నా నా మీద..."

"ఛీ ఛీ! నా వయసేంటి, నువ్వనే మాటేంటి?"

"అయితే ఇది రుచి చూడండి."

ఆయన చెంచా చివర ముంచి నాలికకి రాసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నలభై ఏళ్లు ఉప్పు కొలిచిన మనిషి.

"ఇది కొత్త చెయ్యమ్మా," అన్నాడు మెల్లగా. "చెంచా ఎంతో, చేరెడు ఎంతో తెలియని చెయ్యి. పెద్దవాళ్లెవరూ జావలో ఇంత వెయ్యరు. ఎవరో మొదటిసారి పొయ్యి దగ్గరికొచ్చారు."

బువ్వమ్మ వేళ్లు మడిచింది. ఆరూ ఆరూ పన్నెండు. గింజకి పన్నెండేళ్లు! ఆ వీధి మధ్యలో నిలబడి, మండుతున్న నాలికతో, గిన్నె అడుగు కనిపించేదాకా ఆ జావ తాగేసింది.

మర్నాడూ ఉప్పే. ఆ మర్నాడూ. పొద్దున జావలో మాత్రమే, ఆరున్నరకి. బడికి వెళ్లే ముందు కాచుకుంటోంది కాబోలు. తొమ్మిది రోజులు వరసగా తాగింది. పదో రోజు, మళ్లీ సెలవు రోజే, గుమ్మంలో నీడ పడింది.

గింజ వాళ్లమ్మ. జుట్టు నెరిసింది. వెనక భుజం దాకా ఎదిగిన పిల్ల, రెండు జడలు, సగం మొహమే కనిపిస్తోంది.

"అక్కా," అంది ఆవిడ. "పొద్దున నేను మిషను మీద కూర్చుంటే ఇది జావ కాస్తోంది. పది రోజుల నుంచి మా ఇంట్లో జావ చప్పిడి. మొదట ఉప్పు వెయ్యడం మర్చిపోయిందనుకున్నాను. పక్కన నిలబడి చూశాను. వేస్తూనే ఉంది, అది పోతూనే ఉంది. ఎవరి కంచంలోకే అని అడిగాను. అడగనక్కర్లేదు, అయినా అడిగాను."

బువ్వమ్మ వినట్లేదు. పిల్లనే చూస్తోంది. ముందుపళ్లు వచ్చాయి, కాస్త వంకరగా.

గింజ వాళ్లమ్మ వెనక నుంచి ఒక అడుగు ముందుకి వేసింది.

"ఉప్పు అందిందా, బువ్వమ్మా?"

"అందింది తల్లీ."

"ఎక్కువైందా?"

"లేదమ్మా," అంది, నాలిక మీద ఇంకా పొక్కులున్న బువ్వమ్మ. "సరిపోయింది."

ఆ తర్వాత ఆ గదిలో ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చారో చెప్పడం అనవసరం. ముగ్గురూ ఏడ్చారు. మధ్యాహ్నం వంట గింజే చేసింది. ఆ రోజు ఎవరు ఉప్పు వేసినా వేసినచోటే ఉంది. అందరూ ఒకే గదిలో ఉంటే అది మాత్రం ఎక్కడికి పోతుంది?

సాయంత్రం బస్సు టైముకి బయల్దేరుతూ గింజ వాళ్లమ్మ ఆగింది. అటక మీదున్న జాడీని, దాని గుడ్డ మీద పేరుకున్న దుమ్మునీ అప్పుడు చూసింది. చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ ఈవిడ ఉప్పు ముట్టలేదని ఆవిడకే అర్థమైంది.

"అక్కా," అంది. "రేపట్నుంచి దాని వంతులో ఒక చిటికెడు ఉప్పు తగ్గించి వేస్తాను. ఆ చిటికెడు మీరు పంపండి."

మర్నాడు పొద్దున బువ్వమ్మ బల్ల ఎక్కి జాడీ దించింది. ఉప్పు రాయిలా గడ్డకట్టింది. రోకలితో కొట్టి, ఒకే ఒక్క చిటికెడు తీసి జావలో వేసి కలిపి, రుచి చూసింది. చప్పగా ఉంది. చేరింది.

గిన్నెలో పోసుకుని గడప మీద కూర్చుంది. తొందరేమీ లేదు, ఇంకా ఆరున్నర కాలేదు. మిల్లు మొదటి కూత వినిపించింది. ఇంకో చెంచా తీసుకుని నోట్లో పెట్టుకుంది. గింజ ఉప్పు వచ్చింది, ఈసారి కొలత తప్పకుండా.

"తింటున్నా తల్లీ," అంది బువ్వమ్మ గిన్నెలోకి చూస్తూ. "నువ్వూ తిను."