గేదెలోళ్ల అర్జీలు

ఆ వారంలో నన్నెవలైనా ‘కాసేపు కూకో’ అంటే కొట్టీసేదాన్నే. ఎలాగ కూకుంటాను? సోమవారం పొద్దున్న పళ్లు తోముకుంటూ ఫోన్ తెరిసినాను, టెర్న్ పెద్దాయన రాసిన మెయిలు ఉన్నాది. “పవర్‌పీసీ మెషీన్లకి మన సిస్టం ఇంకా అవసరమా? యమున కాకుండా దాన్ని వాడతన్న మనిషి ఒక్కలైనా ఉన్నారా? నెలాఖరు లోపల ఎవలూ పలక్కపోతే తీసేద్దాం.” మర్యాదగానే రాసినాడు. మర్యాదగా రాస్తే మాత్రం మంట తగ్గుతాదా? నోట్లో పేస్టు నురగతోనే “ఓలమ్మో” అన్నాను, అద్దమంతా తెల్లమచ్చలు.

టెర్న్ అంటే కంప్యూటర్ని నడిపే సిస్టం. ఫోనుకీ లాప్‌టాప్‌కీ అడుగున ఒకటుంటాది కదా, అలాంటిదే. తేడా ఏటంటే దీనికి ఓనరంటూ ఎవలూ నేరు. కోడంతా బయటే ఉంటాది, ఎవలైనా సదవొచ్చు, బాగుసెయ్యొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. నార్వేలో ఒకాయన మాకు పెద్ద, మిగతా మేమందరం తలో దేశంలో తలో మూల. జీతం నేదు. జీతం నాకు విశాఖపట్నం కంపెనీ ఒకటి ఇస్తాది, విజయనగరంలో ఇంటికాడ నుంచే ఆళ్ల పని సేస్తాను. టెర్న్ పని నా సొంత పిచ్చి.

కంప్యూటర్లలో సిప్పులు రకరకాలు. గ్యాసు పొయ్యి మీద, కర్రల పొయ్యి మీద, కరెంటు పొయ్యి మీద ఒకే పులుసు ఒకే రుచి రావాలంటే ఎంత యాతనో, ఒకే సిస్టాన్ని అన్ని సిప్పుల మీదా నడపడమూ అంతే. అందుకని ఒక్కో రకం సిప్పుకి ఒక్కో మనిషి కాపలా. నా వంతుకొచ్చింది పవర్‌పీసీ. పాతకాలం బండ మెషీన్లు. దాని గుణమే వేరు. మిగతావన్నీ అంకెని ఒక కొస నుంచి దాసుకుంటే ఇది రెండో కొస నుంచి దాసుకుంటాది. బుర్రకెక్కలేదా? మనం ఇంటిపేరు ముందు సెప్పి పేరు తర్వాత సెప్తాం. దొరలు పేరు ముందు సెప్పి ఇంటిపేరు తర్వాత సెప్తారు. మనిషి ఒకడే, కానీ ఏది ముందో తెలీకుండా సదివితే మనిషే మారిపోతాడు. అందరూ తమ మెషీన్ల మీద నడిపి ‘బాగున్నాది’ అనుకున్న కోడు, నా మెషీను మీద కొచ్చీసరికి బోర్లా పడతాది. అప్పుడు గాని అందులో తప్పున్నాదని ఎవలికీ తెలీదు. అలాగ పదేళ్లుగా నేను పట్టిన తప్పులెన్నో, వాటివల్ల అందరి మెషీన్లూ బాగుపడినాయి. ఇప్పుడేమో నీ మెషీనెవలిక్కావాలి అంటన్నారు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే మరి.

‘వాడతన్నోళ్లుంటే ఒక్క మాట రాయండి బాబూ’ అనీసి నాకు తెలిసిన అన్ని సోట్లా రాసినాను. ఎవలూ ఉలకలేదు, పలకలేదు. అన్నం కంచం పక్కన ఫోను, స్నానానికెళ్తే గడప మీద ఫోను. కుక్కర్ ఎన్ని కూతలేసిందో నాకు తెలీదు, పప్పు మాడిపోనాది. మేడ మీదకెక్కుతాను, దిగుతాను, ఎందుకు దిగినానో తెలీక మళ్లీ ఎక్కుతాను.

మా అత్త జగ్గమ్మ నాకు సొంత మేనత్తే, అందుకని మాకు మొహమాటాల్నేవు. “ఒసే, కాలుగాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు? మెట్లరిగిపోతాయి” అన్నాది.

“నా మెషీన్ని తీసేస్తన్నారత్తా.”

“ఎవలే తీసేది? మనింట్లో ఉన్నదాన్ని ఎవలొచ్చి తీస్తారు? రమ్మను సూద్దాం.”

ఆమెకి ఏం సెప్పను? మెషీను ఇంట్లోనే ఉంటాది, దాన్ని పట్టించుకునే లోకమే పోతాదని ఎలాగ సెప్పేది?

ఈ గొడవంతా మా బావ నవీన్ విన్నాడు. నా మొగుడే. ఇంటి ముందు గదిలో జిరాక్సు షాపు నడుపుతాడు, అర్జీలు రాసిపెట్టడంలో సెయ్యి తిరిగినోడు. పింఛనుకైనా, రేషన్ కార్డుకైనా, కొళాయి కనెక్షనుకైనా ‘రెస్పెక్టెడ్ సార్, ఐ బెగ్ టు స్టేట్ దట్’ అని మొదలెట్టి, ‘థాంకింగ్ యూ సార్’ అని ముగించి, అడుగున సెల్ నంబరేసి సేతిలో పెట్టీగలడు.

“మనుషులు కావాలా? ఇంతేనా?” అన్నాడు.

“వాడే మనుషులు బావా.”

“మనుషులంటే మనుషులే. నువ్వు కంగారు పడకు.”

నవ్వులాటకంటన్నాడనుకున్నాను.

గురువారం మధ్యాన్నం ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోన్లో టెర్న్ మెయిలు పడినాది. ‘ఐ యామ్ యూజింగ్ పవర్‌పీసీ డైలీ’ అని ఉన్నాది. ఒళ్లు ఝల్లుమన్నాది నాకు! మీటింగులో ఉన్నానని మర్సిపోయి సప్పట్లు కొట్టీసినాను, అప్పుడు మాట్లాడతన్న మేనేజరు “థాంక్యూ యమునా” అన్నాడు. ఇంకోటొచ్చినాది. మరొకటొచ్చినాది. దేశదేశాల నుంచి జనం పలుకుతన్నారు కాబోలనుకుని పేర్లు సూసినాను. గేదెల భారతి. గేదెల జగన్నాధం. గేదెల అనిత. వాటి కిందన గేదెల జగ్గమ్మ.

మా ఇంటిపేరు గేదెల. ఫోన్లో వీడియోలు సూడ్డం తప్ప ఏటీ తెలీని మా అత్త, ఇంగ్లీసులో ప్రపంచానికి అర్జీ పెట్టుకున్నాది.

అన్నీ ‘రెస్పెక్టెడ్ సార్’లే. అన్నీ ‘ఐ బెగ్ టు స్టేట్’లే. మనకి ఇంటిపేరు ముందుంటాదని నార్వే ఆయనకేటి తెలుసు పాపం? సాయంత్రానికి జవాబు రాసినాడు: “ప్రియమైన గేదెలా, ఇన్నిసార్లు రాయనక్కర్లేదు, ఒక్కసారి రాస్తే సాలు.” దాని కిందన ఇంకెవలో తగులుకున్నారు: “ఇదంతా ఒక్క మనిషి ఆడతన్న నాటకంలాగున్నాది. యమున ఇంటిపేరు కూడా అదే కదా?”

తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పదేళ్లలో ఆ జనం దగ్గర నేనొక్క అబద్ధమాడి ఎరగను. తప్పు సేస్తే ‘నాదే’ అని ముందు నేనే రాసేదాన్ని. ఆ పేరు కాస్తా ఒక్క పూటలో గంగలో కలిసిపోనాది. లగెత్తుకుని షాపులోకెళ్లినాను, అక్కడ జిరాక్సుకొచ్చినోళ్లున్నారని కూడా సూడలేదు.

“ఏటి బావా నువ్వు సేసిన పని? వార్డు మీటింగనుకున్నావా, జనాన్ని ఆటోలెక్కించి తోలడానికి?”

“ఆళ్లడిగింది మనుషుల్నే కదా? పలకమన్నారు, పలికినారు. నీ కోసమే కదా సేసినాను!”

“అబద్ధం కదా అది!”

మా అత్తకి రోషమొచ్చినాది. “అబద్ధమేటే? నాను రోజూ దాని మీద దుమ్ము తుడస్తన్నాను. వాడ్డం కాదేటి?”

జిరాక్సుకొచ్చినోళ్లు నవ్వినారు. నాకు ఏడుపొచ్చినాది. ఆ కోపం మీదే, ఆ ఉడుకు మీదే మేడెక్కి రాసినాను: “గేదెల అన్న ఇంటిపేరుతో వచ్చిన మెయిళ్లన్నీ మా ఇంటోళ్లవి. నా మీద ప్రేమతో రాసినారు. ఆళ్లలో ఒక్కరూ టెర్న్ వాడలేదు. దయుంచి ఏ ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోకండి. నిజమేటంటే, నేను తప్ప దీన్ని ఎవలూ వాడట్లేదు.” మళ్లీ సదువుకోకుండా పంపీసినాను. పెద్దాయన బేగినే పలికినాడు. “నిజం సెప్పినందుకు ధన్యవాదాలు యమునా. అయితే వచ్చే సోమవారం తీసేద్దాం.”

నిజం సెప్తే మనసు తేలికపడతాదంటారు. నాకేటీ తేలికపడలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు, మా బావతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న మా బావే కాఫీ గ్లాసు పట్టుకుని నా గదిలోకొచ్చినాడు. “రాసినోళ్ల పేర్లు సదువు. అందరికీ ఫోన్ సేసి ఇంక రాయొద్దంటాను” అన్నాడు. మొహం సూస్తే జాలేసినాది. సరే, వరసగా సదివినాను. భారతి. జగన్నాధం. అనిత. జగ్గమ్మ. గేదెల ఈశ్వరి.

“ఈశ్వరెవలు?” అన్నాడు.

“నన్నడుగుతావేటి? మీ సుట్టాలే కదా.”

“మా గేదెలోళ్లలో ఈశ్వరి అన్న పేరే నేదు. నేను రాయించలేదు.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకో బావా.”

“ఒసే, నేను బతిమాలి రాయించినోళ్లు నాకు తెలీదేటి?”

ఆ మెయిలు తెరిసినాను. ‘రెస్పెక్టెడ్ సార్, ఐ బెగ్ టు స్టేట్ దట్’ — నిన్న నేను సదివింది అంతవరకే. ఆ ముక్క సూడగానే మూసీసినాను. బళ్లో అర్జీ రాయడం నేర్సుకున్నోళ్లెవలైనా అలాగే మొదలెడతారని, దానికి మా బావ అక్కర్లేదని నాకు తట్టలేదు. ఇప్పుడు కిందకి సదివినాను. ‘ఐ యామ్ యూజింగ్ యువర్ సిస్టం ఇన్ మై ప్రింటింగ్ ప్రెస్, నరసన్నపేట. కైండ్లీ డోంట్ రిమూవ్ సార్.’ సెల్ నంబరు. ఇంకా కిందకి జరిపితే, మెషీను మొదలైనప్పుడు తెర మీద పడే వరసలన్నీ కాపీ సేసి పెట్టున్నాయి. సిప్పు పేరు, మెమొరీ, డిస్కు. పవర్‌పీసీయే. మా ఇంట్లో ఉన్న మోడలు కూడా కాదు.

ఒక్క మనిషి కోసం వారమంతా ఎగిరెగిరి పడినాను. ఆ ఒక్క మనిషీ వస్తే, నా సేత్తోనే బయటకి గెంటీసినాను.

ఫోన్ సేసినాను. “అమ్మా, నేను యమునని, టెర్న్ నుంచి…” అనగానే అవతల ఫోన్ కట్ సేసీసినారు. మళ్లీ సేస్తే ఎత్తలేదు.

పెద్దాయనకి రాసినాను: “నిన్న నేను సెప్పింది తప్పు. అందులో ఒకటి నిజం. ఈశ్వరి మాకు సుట్టం కాదు, నిజంగానే వాడతన్నాది. నేను పూర్తిగా సదవకుండా రాసినాను.” అన్నీ అబద్ధాలే అని నిన్న సాటింపేసిన మనిషి, ఇవాళ కాదు ఒకటి నిజమంటే ఎవలు నమ్ముతారు? నాన్నా పులి కథే కదా. “ఆఫీసుకి సెలవు పెట్టీసినాను బావా” అని, కాళ్లకి సెప్పులు తగిలించుకుని బయటపడినాను.

శ్రీకాకుళం బస్సెక్కి, అక్కడ దిగి నరసన్నపేట బస్సెక్కినాను. సీటు దొరికినా కూకోలేకపోనాను. “ఏటమ్మా, సీటుంటే నిల్సున్నావు?” అన్నాడు కండక్టరు. “నడుం నొప్పి” అన్నాను. ఫోను తీస్తాను, ఏటీ రానేదు, లోపల పెడతాను, మళ్లీ తీస్తాను.

దిగి నలుగుర్నీ అడిగితే, ప్రెస్సు మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్నాది. బల్ల నిండా పెళ్లి కార్డులు, పక్కన పెద్దకర్మ కార్డులు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దామె, కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని కాగితాలు కత్తిరిస్తన్నాది.

“నేను యమునని” అన్నాను.

కత్తెర ఆపలేదు. “ఓహో. ‘ఆళ్లలో ఒక్కరూ వాడలేదు’ అని రాసినామెవా?”

“సదివినారా?”

“అందరూ సదివే సోట రాసినావు. నానూ సదివినాను.”

“తప్పైపోనాదమ్మా. ఇంటిపేరు సూసి మావోళ్లనుకున్నాను.”

“జిల్లాలో గేదెలోళ్లు ఎంతమందున్నారు తల్లీ! అందరూ నీ సుట్టాలేనేటి?” అని కత్తెర పక్కన పెట్టి, “సరే, రా. అంత దూరం నుంచొచ్చినావు, సూసి ఎల్లు” అన్నాది.

లోపల గదిలో ఉన్నాది మెషీను. దాని పక్కన ప్లేటు మీదకి అచ్చు ఎక్కించే పెద్ద మెషీను. “కొత్త కంప్యూటర్లకి దీని మాట అర్థం కాదు” అన్నాది ఈశ్వరి. “మా మరిది ఎక్కడో సదివి మీ సిస్టం ఎక్కించినాడు, అప్పట్నుంచి నడుస్తన్నాది. ఇది పాడైతే దిద్దీవోళ్లు నేకపోతే, ఈ రెండూ తుక్కే. నా ప్రెస్సు మూతే.”

నేను తెర కేసే సూస్తన్నాను. నేను దిద్దిన సిస్టం మీద ఎవలిదో పెళ్లి పిలుపు. వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం. పదేళ్లలో దాన్ని వేరే మనిషి సేతిలో సూడడం అదే మొదలు. కళ్లమ్మట నీళ్లొచ్చీసినాయి, ఆపుకోలేకపోనాను.

అప్పుడే ఫోను మోగినాది. పెద్దాయన మెయిలు. “యమునా, పైన పేర్లు సూసినానే గాని, నువ్వొద్దన్నావని ఆ మెయిళ్లు నేను పూర్తిగా సదవనేలేదు. నీకే నష్టమని తెలిసీ నిన్న నిజం సెప్పినావు. అలాంటి మనిషి ఇవాళ ఒకటి నిజమంటే నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. పవర్‌పీసీ ఉంటాది.”

నేను ఎగిరి గెంతి ఆమె రెండు సేతులూ పట్టీసుకున్నాను. “ఉంటాదమ్మా! తియ్యరు! నా మాట నమ్మినారు!”

ఈశ్వరి సేతులు మెల్లిగా లాక్కున్నాది. కోపంగా కూడా నేదు ఆమె మొహం.

“మంచిదే” అన్నాది. “నీ మొహమెన్నడూ సూడని దొర, ఉత్త మాట మీద నిన్ను నమ్మినాడు. నాను నీ భాషదాన్ని, పక్క జిల్లాదాన్ని. మెషీను జాతకమంతా అడుగున పెట్టి మరీ పంపినాను. నువ్వేటి సూసినావమ్మా? నా ఇంగ్లీసు సూసినావు.”

“అవునమ్మా” అన్నాను. “అదే సూసినాను.”