దీవెన చెప్పని నోరు

మేయో జిల్లాలో, నెఫిన్ కొండ కింద ఊళ్లలో ఒక రివాజు ఉంది. దారిన పోతూంటే చేలో ఎవరైనా పని చేస్తూ కనబడితే "నీ పనికి దేవుడి దీవెన" అని పోవాలి. పనిలో ఉన్నవాళ్లు తలెత్తి "నీకూ అదే దీవెన" అనాలి. అంతే. పైసా ఖర్చు లేని మాట. అనకుండా పోయాడంటే మాత్రం వాడు కన్నుపెట్టి పోయినట్టే. కట్టే గోడ నిలవదు, చిలికే వెన్న పడదు, కోసిన గడ్డి కుళ్లుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

ఫెస్టీ లవెల్ ఆ మాట అనకుండా పోయాడు. ఒక్కసారే. పోయింది మాత్రం డీలియా చేను పక్కనుంచి.

అది చాలా ఏళ్ల కిందటి వేసవి. డీలియా, తమ్ముడు మాటీ గడ్డి తిరగేస్తుంటే, గోడకవతలి చేనున్న ఫెస్టీ తన నీలం ట్రాక్టరు మీద గేటు ముందుగా వచ్చాడు. ఆ రోజుల్లో ఆ ట్రాక్టరు చప్పుడు వినబడితే డీలియా ఏప్రన్ సర్దుకునేది. ఎవరూ చూడలేదనుకునేది గానీ మాటీ చూసేవాడు. ఆ రోజు కూడా సర్దుకుని, గడ్డి తిరగేసే పంగలకర్ర నేలకు ఆనించి, నవ్వుమొహంతో నిలబడింది. ఫెస్టీ ఆమెను చూశాడు. అరచేత్తో నోరు మూసుకున్నాడు. గేరు మార్చి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి వాన దిగింది. దిగింది, మళ్లీ వదల్లేదు. గడ్డంతా చేలోనే నల్లబడిపోయింది. చలికాలం మేత చాలక, డీలియా సీసాతో పాలు పట్టి పెంచిన ద్రిమిన్‌ను, వీపున తెల్లచార ఉన్న ఆ ఆవును, సంతకు తోలాల్సి వచ్చింది. అది వెనక్కి తిరిగి చూసిన చూపు ఆమె మర్చిపోలేదు. ఆ ఆదివారం చర్చి గేటు దగ్గర, ఊరంతా చూస్తుండగా, ఫెస్టీకి ఎదురు నిలబడి "నీ నోరు పడిపోను!" అంది. ఫెస్టీ అప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చెవుల దాకా ఎర్రబడి, పక్కనుంచి వెళ్లిపోయాడు. జవాబు చెప్పలేదు గనక తప్పు వాడిదేనని ఊరు తేల్చేసింది. ఊళ్లకు ఇలాంటివి తేల్చడానికి ఎంతోసేపు పట్టదు.

అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో ఆమె కుడివైపు కూర్చుంటే అతను ఎడమవైపు కూర్చునేవాడు. మధ్య నడుమెత్తు రాతిగోడ, దానికి అటొకరూ ఇటొకరూ గడ్డి కోసుకుంటూ, ఇద్దరూ జుట్టు నెరిసి ముసలివాళ్లయ్యారు. ఇద్దరికీ పెళ్లి కాలేదు.

ఈ ఏడు డీలియాకు కాలం కలిసిరాలేదు. మాటీ నిచ్చెన మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు కాలు ముందుకు చాపుకుని, చేను గట్టున కుర్చీ వేయించుకుని, మేజోడు తొడిగిన సీసాలో టీ పక్కన పెట్టుకుని, దర్జాగా సలహాలిస్తున్నాడు. గడ్డి బంగారంలా ఎండింది. గుప్పెడు తీసి మెలిపెడితే చిటపటమంటోంది. సాయంత్రానికి వాన అని రేడియో చెప్పింది. రేడియో మాట ఎలా ఉన్నా, నెఫిన్ కొండ పొద్దున్నే మబ్బు టోపీ పెట్టుకుంది, అది అబద్ధమాడదు. పెద్ద పెద్ద గుండ్రటి కట్టలు చుట్టే కొత్త యంత్రాలవాళ్లు ఆ చేలోకి రారు. గేటు ఇరుకు, నేల మెత్తన, దిగితే ఇరుసు దాకా కూరుకుపోతాయి. అక్కడ నడిచేది డీలియా తండ్రినాటి ఎర్ర ట్రాక్టరు, దాని వెనక చిన్న కట్టలు కట్టే పాత బేలరు. ఈ గడ్డి కూడా పోతే మళ్లీ ఆవుల్ని సంతకు తోలాలి. డీలియా ఆ పని ఇంకోసారి చెయ్యలేదు.

ఎర్ర ట్రాక్టరు బుద్ధిగానే కదిలింది. బేలరు ధన్‌ ధన్‌మంటూ గడ్డి మింగింది. కట్టలు కక్కింది. కక్కిన ప్రతి కట్టా నేలమీద పడగానే పొట్ట పగిలి మళ్లీ వట్టి గడ్డి అయిపోయింది. రెండు పురికొసల్లో ఒకటి ముడిపడుతోంది, రెండోది జారిపోతోంది.

"ముడివేసే కొక్కెం అరిగిపోయిందే అక్కా!" అని మాటీ కుర్చీలోంచి అరిచాడు.

"నాకు కళ్లున్నాయిరా."

డీలియా సుత్తి తీసుకుని కొక్కేన్ని నాలుగు మొత్తింది. మళ్లీ తోలింది. ఈసారి రెండు ముళ్లూ పడలేదు.

"కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందట," అన్నాడు మాటీ టీ చప్పరిస్తూ.

"నీ నాలిక ఊడితే బాగుండును. నోర్మూసుకుని కూర్చో."

"కూర్చోక పరిగెడతానా? చూడక్కా, ఇలాంటి బేలరు ఈ చుట్టుపక్కల ఇంకొకటే ఉంది. అది గోడకవతల ఉంది. ఒక్క కేక వేస్తే..."

"వేశావో, ఆ రెండోకాలు కూడా విరగ్గొడతాను."

"గడ్డి పోతే?"

"పోనీ!" అంది. కానీ ఆ మాట అంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. చేతులతోనే పురికొస కట్టడం మొదలుపెట్టింది. ఒక కట్ట కట్టి లేచేసరికి నడుం పట్టేసింది. చేను నిండా బారులు బారులుగా గడ్డి పడి ఉంది. కొండ టోపీ కిందికి జారి చెవులదాకా వచ్చింది.

అప్పుడు వినబడింది నీలం ట్రాక్టరు చప్పుడు.

గేటు దగ్గర ఆగింది. వెనక ఖాళీ ట్రైలరు. ఫెస్టీ దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని గేటవతలే నిలబడ్డాడు. గోడమీంచి పొద్దుట్నుంచీ పగిలే కట్టల్ని చూస్తూనే ఉన్నాడు మరి. తన గడ్డి నిన్ననే కొట్టంలో పెట్టేశాడు. కోటు జేబు బరువుగా వేలాడుతోంది.

డీలియా వీపు తిప్పుకుని పురికొస కడుతూనే ఉంది. ఆ మాట అనకుండా గేటు తీస్తే, పంగలకర్ర ఎక్కడుందో ఆమెకు తెలుసు. మాటీ అటే చూస్తున్నాడు. టీ కూడా మింగలేదు.

"నీ పనికి దేవుడి దీవెన, డీలియా," అన్నాడు ఫెస్టీ.

గొంతు చిన్నది, అందులో ఏదో సన్నటి ఈల కలిసి ఉంది. ఏళ్ల తరబడి వినని గొంతు. డీలియా కోపంతో అననని భీష్మించుకోవచ్చు. కానీ దీవెనకు బదులు పలక్కపోవడం ఆమె వంశంలో లేదు.

"నీకూ అదే దీవెన," అంది, తిరక్కుండానే.

గేటు కిర్రుమంది. ఫెస్టీ తిన్నగా బేలరు దగ్గరికి వెళ్లి, జేబులోంచి తన బేలరు కొక్కేన్ని తీసి, పాతది ఊడదీసి ఇది బిగించాడు. డీలియా ట్రాక్టరెక్కి తోలింది. మొదటి కట్ట బయటికొచ్చి నేలమీద పడి, ఇటుకలా కదలకుండా కూర్చుంది. మాటీ కుర్చీలోనే చప్పట్లు కొట్టాడు.

గాలి లేచి బారుల్ని చెదరగొడుతోంది. ఫెస్టీ పంగలకర్ర అందుకుని, ట్రాక్టరు ముందు నడుస్తూ గడ్డిని మళ్లీ బారుకు తోస్తున్నాడు. దుమ్ము ముక్కులో దూరింది. ఒక తుమ్ము తుమ్మాడు. అలాంటిలాంటి తుమ్ము కాదది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి గడ్డిలో తడుముకోవడం మొదలుపెట్టాడు.

డీలియా ట్రాక్టరు ఆపి దిగి వచ్చింది.

"ఏం పోయింది?"

ఫెస్టీ తల అడ్డంగా ఊపాడు. చెయ్యి మాత్రం నోటిమీంచి తియ్యలేదు. అదే చెయ్యి, అదే చూపు, చెవుల దాకా అదే ఎరుపు. ఆమెకు ఆ పాత రోజు కళ్లముందు నిలిచింది.

"ఫెస్టీ, ఆ చెయ్యి దించు."

దించలేదు. ఆమే పట్టుకుని దించింది. నోట్లో ఒక్క పన్నూ లేదు.

"కట్టుడు పళ్లా?" అంది డీలియా. "ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే," అన్నాడు ఫెస్టీ. పళ్లు లేని నోట్లోంచి గాలి ఎక్కువ, మాట తక్కువ వస్తోంది. "పొద్దున్నే క్యాసిల్‌బార్ టౌనుకెళ్లి అన్నీ పీకించుకుని వస్తున్నా. నోటినిండా దూది, రక్తం. నువ్వేమో నవ్వుతూ నిలబడ్డావు. నోరు తెరవలేకపోయాను. తలూపాను డీలియా, నిజం. నువ్వు నా చెయ్యే చూశావు."

"మరి తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"ఎక్కడ? చర్చి గేటు దగ్గరా? ఊరందరి ముందు, నోట్లో పళ్లు లేవని?"

డీలియా అతని చెయ్యి వదిలేసింది. "నీ నోరు పడిపోను అన్నానే," అంది.

"పడిపోయిన నోటినే అన్నావులే. కొత్తగా పోయిందేం లేదు."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏప్రన్ అంచుతో కళ్లొత్తుకుంది. "అసలు ఉన్న పళ్లన్నీ ఒక్కసారి ఎందుకు పీకించుకున్నావయ్యా?"

"అవి బాగుండేవి కావు. కొత్తవి పెట్టించుకుని, మంచి నోటితో నీ దగ్గరికొచ్చి ఒక మాట అడుగుదామని..."

"ఏం మాట?"

టప్‌మని ఒక చినుకు ఎర్ర ట్రాక్టరు బానెట్టు మీద పడింది.

"అడగడాలు తర్వాత! ముందు గడ్డి!" అని గట్టునుంచి మాటీ గావుకేక పెట్టాడు.

డీలియా మోకాళ్లమీద కూలబడి బారులో వెతకబోయింది. ఫెస్టీ ఆమె మోచెయ్యి పట్టి లేపాడు.

"వదిలెయ్. ఇంట్లో పాతవి ఉన్నాయి, కాస్త వదులంతే. పళ్లు మళ్లీ వస్తాయి, ఈ గడ్డి రాదు. తోలు."

తోలింది. ఆ బారు, దాని తర్వాత బారు, పళ్లతో సహా బేలరు మింగేసింది. మాటీని మోసుకెళ్లి నీలం ట్రాక్టరు మీద కూర్చోబెట్టి, నత్తనడక గేరులో పెట్టి చక్రం అప్పజెప్పారు. "విరిగింది బ్రేకు కాలేగా, మన చేలో బ్రేకెందుకు," అన్నాడు వాడు. డీలియా, ఫెస్టీ చెరో పక్కా నడుస్తూ కట్టల్ని మోకాలితో ఎగదన్ని ట్రైలరు మీదికి ఎక్కించారు. ఆఖరి కట్ట కొట్టంలో పడ్డాక వాన రేకుల మీద దబదబా దిగింది. ముగ్గురూ తలుపులో నిలబడి, పిల్లల్లా ఆ వానను చూశారు. అడగాల్సిన మాట ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఆ చలికాలమంతా ఫెస్టీ రోజూ ఆవులకు మేత వేసే వేళకు వచ్చేవాడు. "పళ్లు దొరుకుతాయేమోనని," అనేవాడు. కొట్టం గుమ్మంలో టోపీ తీసి దీవెన చెప్పేవాడు, ఆమె బదులు చెప్పేది. ఇద్దరూ కట్టల పురికొస కోసి, గడ్డి విదిలించి వెతికేవాళ్లు. తర్వాత వంటింట్లో టీ, డీలియా కాల్చిన రొట్టె. పాత పళ్లు వదులు గనక ఫెస్టీ రొట్టెను టీలో నానబెట్టుకుని తినేవాడు. మాటీ మాటిమాటికీ ఏదో పనున్నట్టు లేచి అవతలి గదిలోకి కుంటుకుంటూ వెళ్లేవాడు. పాపం, వాడికి అక్కడ ఏ పనీ లేదు.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఫెస్టీ రొట్టె గట్టి అంచును పటుక్కున కొరికి కరకరా నమిలాడు. డీలియా టీ కప్పు చాటునుంచి చూసింది. కొత్త పళ్లు! మాటలో ఈల కూడా పోయింది. ఎన్నాళ్లయిందో పోయి, ఆమె గమనించనేలేదు.

"ఇవాళా దొరకలేదు," అన్నాడు ఫెస్టీ టోపీ పెట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా. "రేపు చూద్దాం."

"రేపు చూద్దాం," అంది డీలియా.

అతను గేటు దాటాక ఆమె కొట్టంలోకి వెళ్లింది. ఏప్రన్ జేబులోంచి గడ్డిపరక అంటుకున్న పళ్లసెట్టు తీసింది. అది ఆమెకు చలికాలం మొదట్లోనే దొరికింది. వెనక వరసలో, అన్నిటికన్నా అడుగున, వసంతం దాకా చెయ్యిపడని కట్ట ఒకటి చూసుకుని, పురికొస కిందుగా లోపలికంటా దోపింది.

"నీ పనికి దేవుడి దీవెన," అని తనకు తనే చెప్పుకుని, దీపం ఆర్పి వచ్చేసింది.