తుప్పు రుచి

అయినా చొక్కా జేబును నమ్మడానికి లేదు, అందులో పడ్డది నీళ్ళలో తేలేదాకా ఎవరికీ గుర్తు రాదు, ఈ లాండ్రీలో తను ఎన్ని చూడలేదు, పెన్నులు, దువ్వెనలు, ముద్దయిన ప్రేమలేఖలు, అనుకుంటూ ఆమె తడి దుప్పటి అంచును రోలరుకు అందించింది, అటువైపు నుంచి అది ముడతలన్నీ మరచిపోయి వెచ్చగా వచ్చింది, ఆ వేడి బట్ట వాసన ఆమెకెప్పుడూ ఇష్టమే, ఇవాళ మరీను, నెలన్నరగా వేధించిన మంట, దురద, ఎవరి పక్కనా కూర్చోనివ్వని ఆ దుర్వాసన తగ్గుముఖం పట్టాయి, నోట్లో మాత్రం మాత్రల చేదు, ఇనుము నాకినట్టు, పోనీలే, ఆ రుచికీ అలవాటు పడింది, ట్రైకోమోనియాసిస్, ఎంత నోరు తిరగని పేరు, డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, కంటికి కనిపించని పరాన్నజీవి తల్లీ, కలయికలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది, ఇద్దరికీ రెండో పెళ్ళంటున్నావు, తొడుగు వాడలేదంటున్నావు, మగవాళ్ళలో చప్పుడు చేయకుండా నెలల తరబడి ఉంటుంది, నీలోనూ ఉండి ఉండొచ్చు, ఎవరు తెచ్చారని పంచాయితీ పెట్టకు, ఆయన కూడా మాత్రలు మింగకపోతే మాత్రం నీ మందు బూడిదలో పోసిన పన్నీరే, ఇంతకీ లోపల ఏమైనా పోసి కడుగుతున్నావా, ఆమె గర్వంగానే చెప్పింది, రెండు పూటలా మందునీళ్ళతోనండీ, లాండ్రీ మనిషిని కదా, ఏ మురికైనా నీళ్ళకు లొంగాల్సిందేనే పిల్లా అని స్టీమ్ ఇస్త్రీ దగ్గరుండే ఆవిరక్క నేర్పిన విద్య అది, డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది, అది దుప్పటి కాదమ్మా, కాపలా కాసే మంచి క్రిములు కూడా కొట్టుకుపోతాయి, దొంగ చేతికి తాళమిచ్చినట్టే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, జన్మంతా మరకలు వదిలించిన చేతులు కడగకూడనిదీ ఒకటుందని ఇన్నాళ్ళకు తెలుసుకున్నాయి.

కానీ ఆయన, ఈ లాండ్రీ వ్యానే నడిపే ఆయన, నాకేం లేదుగా, నన్నెందుకు ఇరికిస్తావు అన్నాడు, ఏమీ లేకపోయినా వేసుకోవాలట, అయితే తప్పు నాదంటావా, ఎవరిదీ అనటంలేదయ్యా, ఇవాళ పొద్దున తన వంతు మాత్రలు చొక్కా జేబులో వేసుకుని చూద్దాంలే అంటూ వెళ్ళిపోయాడు, మొదటాయనా అంతే, అన్నిటికీ చూద్దాంలే, చూస్తూ చూస్తూనే ఆ కాపురం చేజారింది, రాత్రి చొక్కా తడిమినప్పుడు మాత్రలు జేబులోనే తగిలితే ఇది కూడా అదే దారి పడుతుందేమో.

వ్యాను వచ్చి ఆగింది, ఆయన మూట దించి, ఆవిరక్క ఇచ్చిన టీ ఒక్క గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు, ఏంటక్కా, తుప్పు డబ్బాలో కాచావా, నీ నాలుకే తుప్పు పట్టిందిరా అబ్బాయ్, నా టీకి వంకలా, కాదక్కా, పొద్దుట్నుంచీ మంచినీళ్ళూ ఇట్టాగే ఉన్నాయి, ఆమె చేతిలోని అంచు జారింది, ఆ రుచి సంగతి ఆమె ఆయనతో ఒక్కసారైనా అనలేదు, ఏమే, ఎందుకా నవ్వు, ఏం లేదులే, టీ తాగు, ఆ జబ్బు ఎవరి నుంచి ఎవరికో ఇక ఎప్పటికీ తేలదు, తేలకపోయినా ఫరవాలేదు, ఈ రాత్రి ఆ చొక్కాను జేబు తడమకుండానే నానబెట్టవచ్చు.