రొంటిన దాచిన కేక

నేను ఒక బటన్ ఫోన్ని. తమిళనాడులో ఓ కర్మాగారంలో పుట్టి, ఒక లారీ డ్రైవరు చేతిలో రెండేళ్లు గ్రీజు మరకలు మోసి, చివరికి అనకాపల్లి వరహాలమ్మ చేతికొచ్చాను. అప్పట్నించీ భయం నాకూ అలవాటైంది. ఆవిడ అరచేయి ఎప్పుడూ చెమటతో తడిసే ఉంటుంది. "తిన్నావా? జ్వరం లేదు కదా? గొంతు అలాగుందేటి?" ఈ మాటలు నాలోంచి ఎన్ని వేలసార్లు పోయాయో!

కూతురు హైమ ఆకాశాన్ని చదువుతుంది. కొండల మధ్య, గంగాళాల్లాంటి పెద్ద పెద్ద యాంటెన్నాల దగ్గర పని. అక్కడ ఫోన్లు వాడకూడదు, వాటి కూతలో ఆకాశం నుంచి వచ్చే గుసగుస వినబడదట. కూతురి గొంతు వినబడక ఉండలేక వరహాలమ్మే రైలెక్కి వెళ్లింది. గేటు దగ్గర ఫోన్లు ఆపి ఇచ్చేయమన్నారు. ఇంటి దగ్గర షుగరున్న పెనిమిటి అప్పలనాయుడు ఒక్కడే ఉన్నాడాయె. ఆయనకేమన్నా అయితే? ఆవిడ సంచీ విప్పి చూపించింది గానీ నన్ను మాత్రం, ఆపకుండానే, రొంటిన దోపుకుంది.

లోపల హైమ తెర మీద ఒక గీత చూపించింది.

"ఇది పడుచు గెలాక్సీ అమ్మా, రేడియో అలలు పంపుతోంది. నడిమధ్యన నల్లబిలం. మింగడమే కాదు, చుట్టూ ఉన్న వాయువుని బయటికి ఊదేస్తోందని నా అనుమానం. సెకనుకి వెయ్యి కిలోమీటర్లు! ఇక్కడ గీతకి చిన్న పల్లం పడితే అది నిజమే."

"ఊదేస్తే ఏటవుద్ది?"

"ఆ వాయువు ముద్దకడితేనే కదా కొత్త నక్షత్రాలు పుట్టేది."

వరహాలమ్మ చెయ్యి పొట్ట మీదికి పోయింది. "అయితే పుట్టకముందే..."

అంతలో గీత గబుక్కున పైకి లేచింది.

"మళ్లీనా!" హైమ తల పట్టుకుంది. "దగ్గర్లో ఏదో కూస్తోంది. ఏడాది కాచుకుంటే ఈ యాంటెన్నాల మీద ఎనిమిది గంటలిచ్చారు. ఇలాగైతే పల్లం కనబడదు. మళ్లీ ఇస్తారో ఇవ్వరో!"

కూస్తున్నది నేనే. టవర్ అందక, వందల కోట్ల ఏళ్లు నడిచొచ్చిన ఆ గుసగుస మీద కేకలు పెడుతున్నాను. మనుషులు మాకు నోరిచ్చారు గానీ, మా అంతట మేం మూసుకునే వీలివ్వలేదు.

వరహాలమ్మకి అర్థమైంది. నన్ను ఉంచితే కూతురి ఏడాది పోతుంది, ఆపితే ఆయన కబురు అందదు. "నూకాలమ్మ తల్లీ, ఆయన్ని చూసుకో" అని గొణిగి, నన్ను బయటికి లాగి బ్యాటరీ పీకేసింది.

"అమ్మా! నీ దగ్గరేనా?"

"తిట్టేదుంటే తర్వాత తిట్టుకోవే. ముందు గీత చూడు."

బ్యాటరీ తీస్తే నోరు పోతుంది గానీ చెవులు పోవు. చాలాసేపటికి హైమ గొంతు వినబడింది. "పడింది! పల్లం పడిందమ్మా! ఊదేస్తోంది!" ఆ గొంతులో పండగ. తల్లి గొంతులో లేదు.

"మొత్తం పోతాదా?"

"కొంత వెనక్కి పడొచ్చు."

"ఎంత?"

"అది ఇంకా తెలీదమ్మా."

గేటు దాటగానే నాకు ప్రాణం పోసి ఇంటికి ఫోన్ చేసింది. "సూది పొడుచుకుని పడుకున్నాను. ఏటే నీ గోల?" అని విసుక్కున్నాడు అప్పలనాయుడు. అయినా ఆవిడ నన్ను చేతిలోంచి దించలేదు. బస్సు కిటికీలోంచి, పట్టపగలు, ఏమీ కనబడని ఆకాశంలోకి చూస్తూ, ఎక్కడో ఎగిరిపోతున్న ఆ వాయువుతో, "ఎంతో కొంత వెనక్కి వచ్చీయమ్మా" అంది.

అంత దూరానికి, నాలోంచి వెళ్లకుండా ఆవిడ పంపిన మొదటి పిలుపు అదే.