మామయ్య మార్కు భద్రత

1991లో బెంగాలీ గడ్డ మీది మా రైల్వే ఊళ్ళో, ఖరిదా బజారులో, బిళ్ళ వేసి ఆడే వీడియో గేమ్ పెట్టెలు రెండు పెట్టుకుని బతుకుతున్నాను. రైల్వే నౌకరీ కాదని నేను పెట్టుకున్న ఈ వ్యాపారం మా మామగారు సమూయేలుకి ఎన్నడూ రుచించలేదు. ఆయన సిగ్నల్ డిపార్ట్‌మెంటులో ముప్ఫయ్యారేళ్ళు చేసి ఆ ఏడే రిటైరయ్యాడు. రెండో వారానికల్లా అత్తయ్య అన్నమ్మ మిక్సీ, ఇస్త్రీపెట్టె, రేడియో మూడూ బీరువాలో పెట్టి తాళం వేసిందంటే, ఆయన చేతి దురద ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

అప్పుడే నా పెద్ద పెట్టెకి జబ్బు చేసింది. పక్కనుంచి తుంటితో ఒక్క పోటు పొడిస్తే చాలు, బిళ్ళ వేయకుండానే ఆట మొదలయ్యేది. ఈ సంగతి రైల్వే వర్క్‌షాపు అప్రెంటిస్‌ కుర్రాళ్ళకి తెలిసిపోయింది. షాపు కిటకిట, గల్లా ఖాళీ. ఇంకో నెల ఇలాగే సాగితే షాపు మూసుకోవాల్సిందే. సిగ్గు చంపుకుని మామయ్యని పిలిచాను.

ఆయన పెట్టె వెనక తలుపు తీసి, టార్చి వేసి చూసి, గుండె పట్టుకున్నాడు.

"ఏటి బాబూ ఇది! బిళ్ళ పడకుండానే దారిచ్చేస్తందా? సెడిపోయిన సిగ్నలు ఎర్రగా ఆగిపోవాల గానీ పచ్చగా ఎలగకూడదు. ఇంతకన్నా పాపం లేదు!"

"పాపం సంగతి తరవాత చూద్దాం మామయ్యా, ముందు బాగుచెయ్యండి."

"అయితే రాసియ్యి. ఫలానా టైము నుంచి మెషీను నాకు అప్పజెప్పినానని. కాయితం లేకుండా నేను స్క్రూ ముట్టుకోను."

రాసిచ్చాను. సంతకం, తేదీ, టైముతో సహా.

ఎనిమిది రోజులు పట్టింది. ఇంట్లో దాచుకున్న పాత సిగ్నల్ రిలే స్విచ్చులన్నీ తెచ్చి బిగించాడు. ఇక పెట్టె కాస్త కదిలితే చాలు, ఆట ఆగిపోయి పైన ఎర్రదీపం వెలిగేది. మళ్ళీ మొదలవాలంటే తాళంచెవి తిప్పాలి. అది మామయ్య జేబులో ఉండేది. బటన్ గట్టిగా నొక్కితే ఎర్రదీపం. గూడ్సు బండి పోతే ఎర్రదీపం. ఓ బెంగాలీ దాదా తుమ్మితే కూడా వెలిగింది. మామయ్య కుర్చీలోంచి లేచి, వాచీ చూసి, పుస్తకంలో టైము రాసుకుని, అప్పుడు తాళం తిప్పేవాడు. నాలుగు రోజులకి షాపులో మేమిద్దరమే మిగిలాం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"మామయ్యా, మీ భద్రతకో దండం. యాక్సిడెంటు లేదు, నిజమే. బండి కూడా లేదు కదా!"

ఆయన మొహం చిన్నబోయింది. తన తీగలన్నీ ఒక్కొక్కటే విప్పేశాడు. తరవాత బిళ్ళ పడే సందులో వేలు పెట్టి, లోపల స్విచ్చికున్న సన్నటి తీగని గోటితో కాస్త పైకి వంచాడు.

"ఇప్పుడు పొడు."

పొడిచాను. ఆట రాలేదు. బిళ్ళ వేశాను. వచ్చింది. మొత్తం రెండు నిమిషాల పని.

"ఇంతేనా? ఈ తీగ వంగిందని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి ఈ పన్నెండు రోజులూ?"

ఆయన నావైపు చూడకుండా స్క్రూడ్రైవరు చొక్కాకి తుడుచుకున్నాడు.

"రెండు నిమిషాల్లో సేసేస్తే, మర్నాడు నేనెక్కడికెల్లాల బాబూ?"

నా కోపం ఎటు పోయిందో తెలీదు. చాలా సిగ్గేసింది.

"మామయ్యా, ఆ పక్క పెట్టెలో జాయ్‌స్టిక్ ఎడమకి సరిగ్గా తిరగట్లేదు. కాస్త చూస్తారా?" అన్నాను.

అది నిక్షేపంలా తిరుగుతోంది.