నెత్తిమీద పెట్టించుకున్న ఒట్టు

సూర్యాపేట మార్కెట్ యార్డులో ఈదయ్య మాట అంటే మాటే. వడ్ల రాశిలో చెయ్యి పెట్టి ఒక ధర చెప్పాడంటే, సాయంత్రానికి మిర్యాలగూడ మిల్లుల్లో రేటు పడిపోయినా అదే ధరకు కొనేవాడు. మాట తప్పినవాడికి రెండోసారి సరుకు దొరకదన్నది అతని లెక్క.

అంత లెక్క తెలిసిన మనిషి సొంత కొడుకు దగ్గర బోల్తా పడ్డాడు. మహేందర్ హైదరాబాద్‌కు వస్తూ పోతూ అక్కడి హోటళ్లకు బియ్యం అమ్మే పని చూసేవాడు. కొంతకాలంగా అతనిలో ఎక్కడలేని హుషారు. గడగడా మాట్లాడతాడు, నిద్ర అక్కర్లేదంటాడు, ఎంత మొండి హోటల్ ఓనరునైనా ఒప్పించుకొస్తాడు. పిల్లాడు వ్యాపారంలో పడ్డాడని ఈదయ్య మురిసిపోయాడు. మధ్యమధ్య మంచం దిగకుండా పడుకుంటే అలసట అనుకున్నాడు. ముక్కులోంచి రక్తం కారితే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించాడు. తాలును గట్టి గింజ అనుకొని కొన్నట్టే అయింది.

అసలు సంగతి మిర్యాలగూడలో బయటపడింది. మిల్లు దగ్గర లారీకి బస్తాలు ఎక్కిస్తుంటే మహేందర్ గుండె పట్టుకొని కూలబడ్డాడు. దవాఖానలో డాక్టరమ్మ ఈదయ్యనూ, కోడలు ప్రవళికనూ పక్కకు పిలిచింది.

"మీ అబ్బాయి కొకైన్ తీసుకుంటుండు. అడిగితే ఒప్పుకున్నడు. అది గుండెకు పోయే రక్తనాళాలను బిగబట్టేస్తది. గింత చిన్న వయసుల గుండె ఆగి పోయినోళ్లను చూసిన. ఈసారి బతికిండు."

"మా ఇంటా వంటా లేదమ్మా గసువంటిది."

"ఇంట్ల ఉండనక్కర్లేదు. ఒక్క దోస్తు చాలు. దీన్ని మాన్పించే గోలీ అంటూ ఏం లేదు. వ్యసనాలకు చికిత్స చేసే డాక్టర్ దగ్గర నెలల తరబడి కూసోని మాట్లాడాలె. మధ్యల కాలు జారితే దాచకుండ చెప్పాలె. దాచుడే ప్రమాదం."

నెలల తరబడి మాటలంటే ఈదయ్యకు గిట్టుబాటుగా తోచలేదు. కొడుకు కోలుకోగానే జాన్‌పహాడ్ దర్గాకు తీసుకుపోయాడు. అక్కడ కొడుకు చేతిని తన నెత్తిమీద పెట్టుకొని, "మళ్ల ముట్టనని చెప్పు" అన్నాడు. మహేందర్ ఏడుస్తూ ఒట్టు వేశాడు. బేరం తెగినట్టు ఈదయ్య గుండె తేలికైంది.

కోడలిది కోదాడ. అత్తింటికి వచ్చినప్పటి నుంచి మామకు ఎదురు మాట్లాడింది లేదు. ఒక మధ్యాహ్నం ఆమె నేరుగా దుకాణానికే వచ్చింది.

"మామయ్యా, ఆయన హైదరాబాద్ బయల్దేరుతున్నారు."

"పోనియ్యి బిడ్డా. ఒట్టేసిండు గదా."

"ఒట్టేశారు కాబట్టే నా భయం. మనసు లాగితే ఎవరికి చెప్పుకుంటారు? ఒట్టు తప్పితే మీకేమైనా అవుతుందని, నోరు విప్పడానికే వణికిపోతున్నారు. మీరు ఆయన నోరు మూయించారు మామయ్యా, అంతే. ఆ పొడికి తలుపు తెరిచే ఉంది."

మార్కెట్‌లో కాకలు తీరినవాళ్లు కూడా ఈదయ్యతో ఇలా అనలేదు. అతను కోపం తెచ్చుకోబోయి ఆగాడు. ఆ ఒట్టుతో తనకు దక్కిందేమిటి? కంటినిండా నిద్ర. కొడుకుకు దక్కిందేమిటి? దాచుకోవడానికి ఇంకొకటి. ఎటు తిప్పి చూసినా ఆ బేరంలో లాభపడింది తానొక్కడే.

బయట మహేందర్ కారు తలుపు తీస్తున్నాడు. ఈదయ్య హమాలీల మధ్యలోంచి వెళ్లి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒట్టు తీసేస్తున్న. నువ్వు ముట్టినా నాకేం గాదు. నాకు నిజం గావాలె. ముట్టినవా?"

మహేందర్ కారు తలుపు మూసేశాడు. "ముట్టిన నాయినా. ఒట్టేసినంక గూడ. గిప్పుడు పోయేది గూడ గందుకే."

తడి వడ్లు తెచ్చి, బాగా ఎండినవేనని ప్రమాణం చేసేవాళ్లను ఈదయ్య ఎందరినో చూశాడు. తన రాశిలో తడి ఉందని తనంతట తాను చెప్పినవాణ్ని మాత్రం ఇంతవరకు చూడలేదు.

"కారు తియ్యి. గా డాక్టరమ్మ చెప్పిన డాక్టర్ కాడికి పోదాం. నేను గూడ వస్త."

"నువ్వెందుకు నాయినా?"

"నేర్సుకోవద్దా? నీ పెండ్లాం ఇయ్యాల నన్ను బడిల ఏసింది."

ఆ చికిత్స తేలిగ్గా సాగలేదు. మొదట్లో మహేందర్ పిచ్చి ఆకలితో తినేవాడు, లేకపోతే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చిన్న మాటకే కంచం నెట్టేసేవాడు. ఒకసారి మళ్లీ జారాడు. ఆ సంగతి తెల్లారకముందే భార్యకు చెప్పాడు. ప్రవళిక తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "పదండి" అని డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. వారం వారం ముగ్గురూ వెళ్లేవారు. ఏ దారిన పోతే మనసు లాగుతుందో, ఎవరి గొంతు వింటే లాగుతుందో విడమర్చి చెప్పుకోవడమే అక్కడి పని. కొడుకు సిగ్గు విడిచి చెబుతుంటే వింటూ, ఇంత బరువు తన హమాలీల్లో ఒక్కడూ మోయలేడనుకునేవాడు ఈదయ్య.

యాసంగి వడ్లు పోటెత్తిన రోజుల్లో, యార్డులో వేలం జోరుగా సాగుతుండగా ఈదయ్య ఫోన్ మోగింది. మహేందర్ వ్యాపారం పని మీద కోదాడ వెళ్లాడు.

"నాయినా, రవిగాడు ఫోన్ చేసిండు. హైదరాబాద్ నుంచి వస్తుండట, మస్తు సరుకున్నదట. మనసు గుంజుతాంది."

పొడి అలవాటు చేసిన దోస్తు ఆ రవే. ఈదయ్య రాశిలోంచి చెయ్యి తీశాడు.

"ఏడున్నవ్?"

"బస్టాండు కాడ."

"గాడనే ఉండు. నేనూ ప్రవళికా వస్తున్నం."

పక్కనున్న మల్సూర్ సేటు విస్తుపోయాడు. "ఏందే ఈదయ్యా, గింత మంచి రాశి ఇడిసిపెట్టి పోతున్నవ్?"

"నువ్వు పాడుకో సేటూ. నా పంట కోదాడల ఉన్నది."

కోడలిని కారులో ఎక్కించుకొని హైవే ఎక్కాడు. మునగాల దాటాక ఆగలేక కొడుకుకు ఫోన్ చేశాడు. ఎత్తింది మహేందర్ కాదు.

"ఎవరు?"

"బస్టాండు దగ్గర టీ కొట్టువాణ్ణండీ. మీ అబ్బాయి ఫోన్ నా దగ్గర పెట్టాడు. రవి అని ఎవరైనా చేస్తే, తానే అడిగినా ఇవ్వొద్దన్నాడు. ఇప్పటికి రెండుసార్లు తనే వచ్చి అడిగాడు, నేనివ్వలేదు."

"మా పిలగాడు ఉన్నడా గాడ?"

"ఉన్నాడండీ, ఇక్కడే బల్ల మీద. బజ్జీలు తింటున్నాడు."